మూడు కిడ్నీల బొమ్మ: పిల్లలకు అవయవదానం ఆట తయారీ డైరీ

ఆరు నుంచి పదకొండేళ్ల వయసు పిల్లలకు అవయవదానం గురించి గుడ్డ బొమ్మలతో చెప్పేందుకు తయారుచేసిన ఆట ఇది. ఇటువంటిదే చేయదలచినవారు మా కొలతలు తీసుకోవచ్చు, మా తప్పులు వదిలేయవచ్చు. కుదిరిన వాటి గురించి తక్కువగానూ, చెడిన వాటి గురించి ఎక్కువగానూ రాశాను. మేము నోటితో ఒకటి చెబుతుంటే బొమ్మ తన కుట్లతో, చప్పుళ్లతో పిల్లలకు మరొకటి చెప్పడం వల్లనే ఈ పనిలో దాదాపు ప్రతిదీ చెడింది.

దశ 1: కొలతలు, తూకాలు

మొదటి బొమ్మ పొడవు 55 సెంటీమీటర్లు. అది 165 సెంటీమీటర్ల మనిషికి సరిగ్గా మూడో వంతు కనుక అవయవాల కొలతలను కూడా మూడుతో భాగించాను. పెద్దవారి కిడ్నీ సుమారు 11 సెంటీమీటర్ల పొడవు, 6 వెడల్పు, 3 మందం ఉంటుంది. బొమ్మలో అది 3.7 పొడవు, 2 వెడల్పు, 1 మందానికి తగ్గింది. చూడముచ్చటగానే ఉంది, కానీ పనికిరాలేదు.

చిన్నపిల్లల గొంతుకు అడ్డుపడే భాగాలను పట్టుకోవడానికి బొమ్మల తయారీదారులు ఒక గొట్టం వాడతారు. దాని లోపలి వ్యాసం 3.17 సెంటీమీటర్లు. ఏ భాగమైనా నొక్కకుండా ఆ గొట్టంలో పూర్తిగా మునిగిపోతే మూడేళ్లలోపు పిల్లల చేతికి దాన్ని ఇవ్వకూడదు. అట్టతో అదే కొలత గొట్టం చుట్టి చూస్తే కిడ్నీ మొత్తం లోపలికి వెళ్లిపోయింది. ఆట ఆరేళ్లు దాటినవారి కోసమే అయినా, వారి వెంట చెల్లెళ్లూ తమ్ముళ్లూ రాకుండా ఉండరు. బొమ్మను పక్కన పెట్టేశాను.

రెండో బొమ్మకు మొండెం మాత్రం మనిషి పరిమాణంలోనే, అంటే మెడ నుంచి తుంటి వరకు 58 సెంటీమీటర్లు ఉంచి, తలనూ కాళ్లనూ చేతులనూ పొట్టిగా కుట్టాను. దాని రూపం కొంత వింతగా వచ్చింది గానీ, పిల్లల్లో ఒక్కరు కూడా ఆ మాట ఎత్తలేదు.

1. మొండేనికి దళసరి కోరా గుడ్డ, అవయవాలకు ఫెల్ట్ గుడ్డ వాడాను.
2. ఊపిరితిత్తుల్లో దూది మాత్రమే కూరాను. నొక్కితే మెత్తగా దిగాలి.
3. గుండె, కాలేయం, కిడ్నీల్లో కడిగి ఎండబెట్టిన సన్న ఇసుకను రెండు పొరల సంచిలో పోసి, నోరు రెండుసార్లు మిషను మీద కుట్టాను.
4. కుట్టిన ప్రతి సంచినీ తెల్ల కాగితం మీద 20 సార్లు గట్టిగా కొట్టి, ఇసుక రాలుతుందేమో చూశాను. మొదటి కాలేయం ఆరో దెబ్బకే రాలింది.

తూకాలు కూడా అసలువే పెట్టాను: గుండె 300 గ్రాములు, కిడ్నీ 150, కాలేయం 1,500. శరీరం లోపలి అవయవాల్లో కాలేయమే పెద్దదని వందసార్లు చెప్పేకంటే ఒకసారి చేతికివ్వడం మేలనుకున్నాను. ఆరేళ్ల పిల్లవాడు అందుకున్నాడు, కాలి మీద పడేసుకున్నాడు. దెబ్బ తగలలేదు. అదే రోజు అన్నింటి తూకమూ సగానికి తగ్గించాను. దామాషా చెడలేదు కనుక పిల్లల ఆశ్చర్యమూ తగ్గలేదు.

ఇప్పటివరకు: పని 21 గంటలు, బొమ్మలు 2 (ఒకటి వృథా), ఆటలు 2, ఆడిన పిల్లలు 7.

దశ 2: తెరవడం, మూయడం

పొట్టను తెరిచి మూయడానికి మొదట వెల్క్రో కుట్టాను. లాగగానే బర్రున చప్పుడు వచ్చింది. ముందు వరుసలో ఉన్న పాప రెండు చేతులతో తన పొట్ట పట్టుకుని, "దానికి నొప్పి పుడుతోందా?" అని అడిగింది. శస్త్రచికిత్సకు ముందు మత్తు ఇస్తారనీ, చనిపోయినవారికి నొప్పి ఉండదనీ చెప్పాను. మరోసారి తెరిచినప్పుడు మళ్లీ బర్రుమంది, ఆమె మళ్లీ పొట్ట పట్టుకుంది. ఆ చప్పుడు ముందు నా జవాబు నిలవలేదు. వెల్క్రో 44 సెంటీమీటర్లూ ఊడదీసి, నైలాన్ పళ్ల జిప్ వేశాను. జిప్ నెమ్మదిగా తెరుచుకుంటుంది, అంతే నెమ్మదిగా మూసుకుంటుంది. మూసుకోవడమే ముఖ్యమని తర్వాత తెలిసింది. దాని సంగతి చివరి దశలో ఉంది.

లోపల అవయవాలు నిలబడటానికి మొదట చిన్న అయస్కాంతాలు పెట్టాను. ఇది ఎవరూ చేయకూడని పని. కుట్టు ఊడి రెండు అయస్కాంతాలు పిల్లల కడుపులోకి వెళితే, పేగు గోడకు ఒకటి ఇటూ ఒకటి అటూ చేరి ఒకదాన్నొకటి లాక్కుని పేగుకు రంధ్రం చేయగలవు. ఈ సంగతి ఆలస్యంగా గుర్తొచ్చింది. పెట్టినవి 14; విప్పి తీసినవీ 14 అని రెండుసార్లు లెక్కపెట్టాకే నిద్రపోయాను. వాటి స్థానంలో లోతైన జేబులు కుట్టాను.

ఈ దశలో అతి పెద్ద పొరపాటు కిడ్నీ దగ్గర జరిగింది. అవయవాన్ని అందుకునే గ్రహీత బొమ్మలో పాత కిడ్నీని తీసి, ఆ జేబులోనే కొత్తదాన్ని పెట్టేలా చేశాను. పాడైన బల్బు తీసి కొత్త బల్బు పెట్టినట్టు ఆ పని సులువుగా సాగింది, కానీ అసలు చికిత్స అలా జరగదు. సాధారణంగా పాత కిడ్నీలను వాటి చోటనే వదిలేసి, కొత్తదాన్ని పొత్తికడుపు దిగువన, ఎక్కువగా కుడివైపున అమర్చుతారు. దాని ధమనినీ సిరనూ కాలివైపు వెళ్లే పెద్ద రక్తనాళాలకూ, మూత్రనాళాన్ని మూత్రాశయానికీ కలుపుతారు. గుండె, కాలేయాల విషయంలో మాత్రం పాతవి తీసి అదే చోట కొత్తవి పెడతారు. బొమ్మను ఇలా మార్చాను.

1. తుంటి ఎముక లోపలివైపున కొత్తగా ఒక ఖాళీ జేబు.
2. కిడ్నీకి మూడు నాడాలు: ఎరుపు, నీలం, పసుపు; ఒక్కొక్కటి 9 సెంటీమీటర్లు.
3. ఎరుపు, నీలం నాడాలు కాలి నాళాలకు, పసుపుది మూత్రాశయపు సంచికి టిచ్ బటన్లతో కలిసేటట్టు.

మూడింటికీ ఒకే కొలత బటన్లు వేశాను. వేరువేరు కొలతలు వేస్తే ఎవరూ తప్పు కలపలేరని సహాయకురాలు సూచించారు. తప్పు కలపలేని ఆటలో పిల్లలు ఆలోచించడం మానేస్తారన్నది నా అభిప్రాయం. పసుపు నాడాను ఎర్ర నాళానికి కలిపినవాడిని పక్కనున్నవాడు "మూత్రం రక్తంలోకి పోతుంది రా" అని ఆపినప్పుడు నేను చెప్పవలసింది ఏమీ మిగల్లేదు. చివరికి బొమ్మలో మూడు కిడ్నీలు ఉండిపోతాయి. ఇంటికి వెళ్లాక పిల్లలు పెద్దలకు మొదట చెప్పే సంగతి ఇదే.

కళ్ల విషయం చిన్నదే, కానీ మొదటి ఆటలోనే భయపెట్టింది. కంటి గుండీలను తీసి మరో బొమ్మకు పెట్టడంతో దాత బొమ్మ ముఖం మీద రెండు దారపు మచ్చలు మిగిలాయి. ఇప్పుడు గుండీలు తీయము. వాటిపైన పారదర్శకమైన ప్లాస్టిక్ పొరతో 4 సెంటీమీటర్ల బిళ్ల ఉంటుంది. దాన్ని మాత్రమే తీస్తాము. కార్నియా కూడా కంటి ముందున్న పారదర్శకమైన పొరే: వ్యాసం సుమారు 12 మిల్లీమీటర్లు, మందం అర మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ. అందులో రక్తనాళాలు ఉండవు కనుక సాధారణంగా రక్తం గ్రూపు కలవనవసరం లేదు. గీతలు పడిన పొరను ముందు కళ్ల మీద పెట్టుకుని చూసి, తర్వాత తేటపొరతో చూడటం పిల్లలకు బాగా నచ్చింది.

ఇప్పటివరకు: పని 46 గంటలు, బొమ్మలు 3, ఆటలు 6, పిల్లలు 19.

దశ 3: గంటల లెక్క

బయటకు తీసిన అవయవం ఎంతసేపు నిలుస్తుందన్నది ఈ దశ. మేము తీసుకున్న లెక్కలు: గుండె 4 గంటలు, ఊపిరితిత్తులు 6, కాలేయం 12, కిడ్నీ 24. కిడ్నీ 36 గంటల వరకూ నిలవవచ్చు గానీ ఆటకు తక్కువ లెక్కే తీసుకున్నాను.

మొదట ఒక గంటకు 30 సెకన్లు పెట్టాను. గుండెకు 2 నిమిషాలు, కిడ్నీకి 12 నిమిషాలు వచ్చాయి. గుండె పట్టుకున్నవారు గది అంతా పరుగెత్తి ఒకరినొకరు ఢీకొన్నారు. కిడ్నీ పట్టుకున్నవారు నాలుగో నిమిషానికి విసుగెత్తి దాన్ని కిటికీ మీద వదిలి వెళ్లిపోయారు. గడియారాన్ని తీసేశాను. ఇప్పుడు ప్రతి అవయవం పెట్టెకూ దాని గంటలకు సరిపడా చెక్క బిళ్లలు ఉంటాయి: 4, 6, 12, 24. పటం మీద ఒక గడి దాటితే ఒక బిళ్ల పోతుంది. తలుపు మూసి ఉన్నా, వాహనం ఆలస్యమైనా మరో బిళ్ల పోతుంది. పరుగు ఆగింది, లెక్క మొదలైంది. గుండెను దగ్గరి ఊరికీ కిడ్నీని దూరపు ఊరికీ పంపాలని ఎనిమిదేళ్లవారు ఎవరూ చెప్పకుండానే తేల్చారు.

నిజమైన మంచు ఒక్కసారే వాడాము. ఫెల్ట్ గుండె కుంచించుకుపోయింది, ఎరుపు రంగు కాలేయానికి అంటింది, ఇసుక ఆరడానికి రెండు రోజులు పట్టింది. ఇందులో అంతకంటే పెద్ద తప్పు మరొకటి ఉంది. అసలు అవయవాన్ని మంచు మీద నేరుగా పెట్టరు. భద్రపరిచే ద్రవంతో సంచిలో ఉంచి, దాని చుట్టూ మరో రెండు పొరల సంచులు వేసి, ఆ తర్వాతే మంచు పెట్టెలో పెడతారు. సుమారు 4 డిగ్రీల సెల్సియస్ చల్లదనం కావాలి. గడ్డకడితే కణాలు చెడతాయి. ఇప్పుడు తెల్ల గుడ్డ ఉండలే మంచు, మూడు సంచులు తప్పనిసరి. సంచి మరిచిపోతే రెండు బిళ్లలు పోతాయి.

ఇప్పటివరకు: పని 58 గంటలు, ఆటలు 9, పిల్లలు 31.

దశ 4: ఎవరికి ఇవ్వాలి

ఎదురుచూస్తున్నవారి కార్డులు 8: ఓ గ్రూపువి 3, ఏ గ్రూపువి 2, బి గ్రూపువి 2, ఏబి 1. దాతలు ఇద్దరు, ఒకరు ఓ, మరొకరు ఏ. అంటే కిడ్నీలు నాలుగు. ఓ గ్రూపు కిడ్నీ అందరికీ సరిపోతుందన్న నియమం ఒక్కటే చెప్పి వదిలేశాను.

పిల్లలు ఓ కిడ్నీల్లో ఒకటి ఏబికి ఇచ్చారు, ఆ కార్డు మీది బొమ్మ అందరికంటే చిన్నపాప కనుక. రెండోది బి గ్రూపు వ్యక్తికి ఇచ్చారు. ఏ కిడ్నీలు రెండూ ఏ గ్రూపువారికి వెళ్లాయి. బల్ల మీద ఓ కార్డులు మూడూ అలాగే మిగిలాయి. ఓ వారు అందరికీ ఇవ్వగలరు గానీ ఓ నుంచి తప్ప తీసుకోలేరని అప్పుడు ఒక అమ్మాయి వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. ఓ దాత కిడ్నీని ముందుగా ఓ గ్రూపువారికే ఇవ్వాలన్న పద్ధతి అసలు కేటాయింపుల్లో చాలాచోట్ల ఉండటానికి ఇదే కారణం. నేను అచ్చువేసుకుని తెచ్చిన నియమాల కాగితాన్ని ఆ తర్వాత ఎవరికీ చూపలేదు. ముందు తప్పు పంపకం, తర్వాత పిల్లలే రాసే నియమం అన్న వరుసే ఉంచాను.

దాత కార్డుల మీది పాయింట్లు కూడా ఈ దశలోనే తీసేశాను. కారణం తర్వాతి దశలో ఉంది.

ఇప్పటివరకు: పని 63 గంటలు, ఆటలు 12, పిల్లలు 38.

దశ 5: మరణం

ఈ దశ రాయడం నాకు ఇష్టం లేదు, కానీ ఈ ఆటను చేయబోయేవారు మిగిలినవన్నీ వదిలేసినా దీన్ని చదవాలి.

మొదటి చెడు, ఆట మొదలుపెట్టిన తీరులోనే ఉంది. ముందు రోగుల కార్డులు పరిచి, తర్వాత దాత కార్డు తిప్పేవాళ్లం. నాలుగు ఆటలు అలాగే నడిచాయి. అయిదో ఆటలో ఒక బాబు కార్డుల కట్టను చూస్తూ, "త్వరగా ఎవరైనా చనిపోతే బాగుండు" అన్నాడు. అతనిలో దోషం లేదు. చావును నేనే బహుమతి కార్డులా అచ్చువేశాను, దాని మీద పాయింట్లు కూడా పెట్టాను. అయినా నేను అప్పుడు కార్డుల వరుసను మార్చకుండా, మాటలతో సర్దిచెబుతూ మరిన్ని ఆటలు నడిపాను. అది నా తప్పే.

ఇప్పుడు ఆట దాత బొమ్మ బతికి ఉండగానే మొదలవుతుంది. దానికి పేరు, ఇల్లు, ఇష్టమైన రంగు పిల్లలే పెడతారు. జబ్బు చేసినప్పుడు దాన్ని బతికించడానికి ఒక జట్టు చేయగలిగిందంతా చేస్తుంది. రోగుల పటం తెర వెనుక ఉంటుంది. ఆ జట్టుకు అది కనబడదు. ఆసుపత్రుల్లో మెదడు మరణాన్ని నిర్ధారించే వైద్యులు, అవయవమార్పిడి చేసే వైద్యులు వేరువేరుగా ఉండాలన్న నియమాన్నే ఈ తెర చూపిస్తుంది.

రెండో చెడు ఒక మాట వల్ల వచ్చింది. మా సహాయకుల్లో ఒకరు బొమ్మ "నిద్రపోయింది" అన్నారు. మరునాడు ఒక పాప తల్లి, తమ కూతురు రాత్రి పడుకోనని పేచీ పెట్టిందని చెప్పారు. ఇప్పుడు మాటల పట్టిక ఒకటి రాసి గోడకు అంటించాము. "నిద్రపోయింది", "వెళ్లిపోయింది" అనకూడదు. "చనిపోయింది, మళ్లీ లేవదు, దానికి నొప్పి, ఆకలి, చలి ఉండవు" అనాలి. "బ్యాటరీ అయిపోయింది" అనడం కూడా మానుకున్నాం. బ్యాటరీని మళ్లీ ఎక్కించవచ్చు కదా అని ఒకడు అడిగాడు.

మూడోది గాలి పంపు. మెదడు పూర్తిగా, తిరిగిరాని విధంగా ఆగిపోయినా, యంత్రం ఊపిరి ఆడిస్తున్నంతవరకు గుండె కొంతకాలం కొట్టుకోగలదు. గుండెకు తన కొట్టుకునే లయ తనలోనే ఉంది. కోమాలో ఉన్నవారి మెదడు కొంతైనా పనిచేస్తుంది కనుక అది వేరు. ఇది చూపడానికి బొమ్మ ఛాతీలో బెలూన్ పెట్టి, 60 సెంటీమీటర్ల గొట్టంతో చేతి పంపు తగిలించాను. నొక్కితే ఛాతీ లేస్తుంది. దీన్ని తెలివైన ఏర్పాటే అనుకున్నాను.

ఏడేళ్ల బాబు ఒకడు పంపు తీసుకుని నొక్కసాగాడు. వైద్యులు కంటిపాప మీద వెలుతురు వేసి చూశారనీ, తనంతట తాను ఊపిరి తీస్తుందేమో గమనించారనీ, ఒకసారి కాక మళ్లీ పరీక్షించారనీ నేను వివరిస్తున్నాను. అతను నొక్కుతూనే ఉన్నాడు. పక్కవాడు తన వంతు అడిగితే ఇవ్వలేదు. చెయ్యి నొప్పెట్టి రెండో చేతికి మార్చుకున్నాడు. పదకొండు నిమిషాలు గడిచాక, "నేను ఆపితే కదా చచ్చిపోయేది" అన్నాడు. ఆ బొమ్మ అప్పటికే చనిపోయిందని నేను చెప్పాను. అతను ఛాతీ వైపు చూపించాడు. ఛాతీ లేస్తోంది.

ఆ రోజు ఆట అక్కడే ఆపేసి, పంపును నేను అందుకుని అతనితోపాటు నొక్కుతూ మెల్లగా మాట్లాడాను. అతని ఇంటివారికి అదే సాయంత్రం విషయమంతా చెప్పాను. మార్పులు ఇవి.

1. తొమ్మిదేళ్లలోపు వారి ఆటలో పంపు లేదు. బొమ్మ చనిపోయిందని మాత్రమే చెబుతాము.
2. పెద్దపిల్లల ఆటలో పంపు పెద్దవారి చేతిలోనే ఉంటుంది. ఆపే పని ఏ పిల్లవాడికీ ఇవ్వము.
3. చనిపోయిందన్న మాట పంపు తగిలించక ముందే చెబుతాము, తర్వాత కాదు.
4. ఆటకు ముందు ప్రతి ఇంటివారినీ ఈమధ్య కుటుంబంలో ఎవరైనా మరణించారా అని అడుగుతాము. ఉంటే ఆ పిల్లలు ఆడాలో లేదో ఇంటివారే నిర్ణయిస్తారు.

నాలుగోది "వద్దు" కార్డు. దాత కుటుంబంగా ఆడుతున్న పిల్ల వద్దంది. మిగిలినవారు ఆమెను తిట్టారు. దానం అన్న మాట అర్థమే పోయిందక్కడ. వద్దన్నవారిని ఎవరూ కారణం అడగకూడదన్న నియమం పెట్టాను. ఆట అప్పుడూ ఆగదు. తెర వెనుక ఉన్నవారు డయాలిసిస్ గడిలోనో మందుల గడిలోనో మరో వంతు ఎదురుచూస్తారు.

ఇప్పటివరకు: పని 74 గంటలు, ఆటలు 16, పిల్లలు 47.

దశ 6: కాపలాదారులు, మాత్రలు

కొత్త అవయవాన్ని శరీరం పరాయిదిగా చూసి దాడి చేస్తుందని చెప్పడానికి ఆరు గుడ్డ కాపలాదారులను చేశాను. ఈ భాగం అతిగా కుదిరింది. పిల్లలు అందరూ కాపలాదారులే అవుతామన్నారు, కిడ్నీని కొట్టి కొట్టి కుట్టు ఊడదీశారు. కాపలాదారులకు చేతులు తీసేసి పటం మీద నడిచే బిళ్లలుగా మార్చాను.

ఆ కాపలాదారులను అణచి ఉంచే మాత్రలుగా రంగు పూసలు పెట్టడం మరో తెలివితక్కువ పని. చూడటానికి మిఠాయిలా ఉన్నాయి, ఒకడు నోట్లో పెట్టుకోబోయాడు. మందును ఆటవస్తువుగానూ తినుబండారంగానూ చూపడం ఎక్కడా చేయకూడదు. ఇప్పుడు మాత్ర లేదు. రోజువారీ కాగితం మీద గడిలో టిక్కు పెట్టడమే ఉంది. ఒక టిక్కు మరిచిపోతే కాపలాదారు ఒక అడుగు ముందుకు వస్తాడు. ఈ కాగితానికి చివరి గడి లేదు, ఎందుకంటే ఆ మందులు జీవితాంతం వేసుకోవాలి.

టిక్కులు ఎన్ని ఎక్కువ పెడితే అంత మంచిదనుకుని ఒక జట్టు ఒకే రోజుకు తొమ్మిది పెట్టింది. వారికి రెండు నిజమైన సంగతులు చెప్పాను. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం రొనాల్డ్ హెరిక్ కిడ్నీని అతని కవల సోదరుడు రిచర్డ్‌కు అమర్చింది. ఒకే రూపపు కవలలు కనుక కాపలాదారులు ఆ కిడ్నీని పరాయిదనుకోలేదు, రిచర్డ్ మరో ఎనిమిదేళ్లు జీవించాడు. 1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బెర్నార్డ్ మొదటిసారి మనిషి గుండెను మరో మనిషికి, లూయిస్ వాష్కాన్‌స్కీకి, అమర్చాడు. ఆ గుండె బాగానే కొట్టుకుంది గానీ, కాపలాను అణచే మందుల వల్ల శరీరానికి రక్షణ తగ్గి, 18 రోజులకు న్యుమోనియాతో వాష్కాన్‌స్కీ మరణించాడు. కాపలాదారులందరినీ పడుకోబెడితే దొంగ ఎవరైనా రావచ్చని పిల్లలే అన్నారు. అప్పుడు క్రిమి బిళ్ల ఒకటి చేర్చాను. రోజుకు రెండు టిక్కులు దాటితే అది కదులుతుంది.

ఇప్పటివరకు: పని 81 గంటలు, ఆటలు 19, పిల్లలు 55.

దశ 7: చొక్కా

ఆట అయ్యాక సామాను సర్దడం గురించి నేను ఆలోచించనేలేదు. గ్రహీత బొమ్మను కూర్చోబెట్టి చప్పట్లు కొట్టేవాళ్లం. దాత బొమ్మ, జిప్ తెరిచే ఉండగా, అట్టపెట్టెలో బిళ్లల మీద తలకిందులుగా పడేది. పంతొమ్మిదో ఆట తర్వాత ఒక అమ్మాయి చెప్పులు వేసుకున్నాక తిరిగి వచ్చి, పెట్టెలోంచి దాన్ని తీసి, జిప్ మూసి, గోడ పక్కన వెల్లకిలా పడుకోబెట్టి వెళ్లింది. ఏమీ అనలేదు.

నిజంగా కూడా అవయవాలు తీసుకున్న తర్వాత కోతను జాగ్రత్తగా కుట్టి, శరీరాన్ని కుటుంబానికి అప్పగిస్తారు. మా ఆటలో ఆ అడుగే లేదు. కొత్త అడుగులు ఇవి.

1. ఖాళీ జేబుల్లో దూది నింపి, మొండెం మునుపటి ఆకారానికి తేవాలి.
2. జిప్ పూర్తిగా మూయాలి.
3. పిల్లలు మొదట్లో ఎంచుకున్న రంగు చొక్కా తొడగాలి.
4. దాత కుటుంబంగా ఆడినవారు బొమ్మను తీసుకుని, తమకు నచ్చిన చోట కూర్చోవాలి. చప్పట్లు ఆ తర్వాతే.

చొక్కాకు అయిదు గుండీలు, కాజాలు చేతికుట్టువి, కొంచెం బిగువు. మూడు ఆటల్లో కొలిచాను: తొడగడానికి పట్టిన సమయం 4 నిమిషాలు, 5 నిమిషాల 20 సెకన్లు, 3 నిమిషాల 50 సెకన్లు. ఇక్కడ ఆట నెమ్మదిస్తోందనీ, గుండీలకు బదులు టిచ్ బటన్లు వేస్తే అర నిమిషంలో అయిపోతుందనీ సహాయకులు అన్నారు. బటన్లు కొని తెచ్చాను. చివరి ఆటలో ఇద్దరు పిల్లలు చెరోవైపు కూర్చుని, ఒకరు కాజా సాగదీసి పట్టుకుంటే మరొకరు గుండీ దూర్చుతుండగా చూసి, బటన్ల పొట్లాన్ని మళ్లీ కుట్టుపెట్టెలో పెట్టేశాను.

మొత్తం: పని 86 గంటలు, బొమ్మలు 3, వాడుకలో 2, ఆటలు 22, పిల్లలు 61, విప్పి మళ్లీ కుట్టినవి 17.